బూడిద కలిస్తే కల్తీ అట!

బిట్రగుంటలో మా బంధువుల ఇల్లు కడుతుండగా మేస్త్రీకీ నాకూ వాగ్వివాదం జరిగింది. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ బస్తాలు తెప్పించమన్నాను. "అది బూడిద సిమెంటు సార్, కల్తీ సరుకు. శ్లాబుకి 53 గ్రేడే ఉండాల" అని ఆయన తేల్చేశాడు. చుట్టూ చేరినవారంతా ఆయన పక్షమే వహించారు. అక్కడ ఓడిన వాదనను ఇక్కడ మళ్ళీ వినిపిస్తున్నాను. మిత్రులు ఓపిక పట్టగలరు.

బిట్రగుంట ఆవిరి యంత్రాల కాలంలో వృద్ధిలోకి వచ్చిన రైల్వే ఊరు. లోకోషెడ్డులో ఇంజన్లు బూడిద దులుపుకున్న నేల అది. ఆ ఊరే బూడిదను ఈసడించుకోవడం నాకు వింతగా తోచింది.

ఇంతకీ కల్తీ అంటే ఏమిటి? చెప్పకుండా కలిపేది, బలాన్ని తగ్గించేది. పీపీసీలో బూడిద 15 నుండి 35 శాతం వరకు ఉండవచ్చునని ఐఎస్ 1489 ప్రమాణమే చెబుతోంది. ఆ సంగతి బస్తా మీదే ఉంటుంది. ఇక బలం మాట. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం విడుదలవుతుంది. దానివల్ల కాంక్రీటుకు ఒరిగే బలమేమీ లేదు. బూడిదలోని సిలికా ఆ సున్నంతో కలిసి మళ్ళీ బంధక పదార్థంగా మారుతుంది, సూక్ష్మరంధ్రాలను పూడుస్తుంది. మన పెద్దలు గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపింది ఈ గుణం కోసమే. వారిని ఎవరూ కల్తీదారులనలేదు!

ఈ రంధ్రాల సంగతే కోస్తావాసులకు ప్రాణావసరం. ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటులోకి చొరబడి ఊచలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, శ్లాబు పెచ్చులూడుతుంది. సముద్రతీరంలో ఇరవై ఏళ్ళకే ముసలితనం వచ్చిన ఇళ్ళను చూడని వారెవరు? బూడిద గాని, ఉక్కు కొలిమి చిట్టెం గాని కలిసిన కాంక్రీటు ఆ క్లోరైడును బాగా నిలువరిస్తుంది. చిట్టెం కలిపే స్లాగు సిమెంటుకూ ఐఎస్ 455 అనే ప్రమాణం ఉంది.

మేస్త్రీ మాటలో నిజం బొత్తిగా లేదనను. బూడిద సిమెంటు నిదానంగా బలం పుంజుకుంటుంది. సెంట్రింగు తొందరపడి విప్పకూడదు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు తడపాలంటే, దీనికి కనీసం 10 రోజులని ఐఎస్ 456 చెబుతుంది. మన ఎండలకు 14 రోజులు తడిపితే మేలు. మూడు రోజులు తడిపి మానేసి, తప్పు సిమెంటు మీదకు నెట్టడం మాత్రం న్యాయం కాదు. అలాగే బూడిద చెరువు నుంచి ఎత్తుకొచ్చిన మట్టిబూడిదను నేరుగా కాంక్రీటులో పోస్తే అది నిజంగానే కల్తీ. పొగగొట్టానికి చేరకముందే ప్రెసిపిటేటర్లు ఒడిసిపట్టే సన్నని పొడి వేరు, అది వేరు.

మన జిల్లాలోనే కృష్ణపట్నం దగ్గర నేలటూరులో దామోదరం సంజీవయ్య కేంద్రం ఉంది. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు మూడు. దేశవాళీ బొగ్గులో బూడిద సుమారు 30 నుండి 45 శాతం. బూడిద వాడకంపై కేంద్రం మొదటి ప్రకటన 1999లో ఇచ్చింది. పుట్టిన బూడిదనంతా వినియోగించి తీరాలని 2021 డిసెంబరు 31 నాటి ప్రకటన ఆదేశించింది. మనం గోడల్లోకి రానివ్వని బూడిద ఎక్కడికి పోతుంది? చెరువులు కట్టి నిలవ చేయాలి. ఎండాకాలపు గాలికి లేచి, ఆ పక్క ఊళ్ళవారి అన్నంలో పడుతుంది. మరోవైపు మనం పట్టుబట్టి కొనే 53 గ్రేడు కోసం సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చాలి. టన్ను క్లింకరుకు ముప్పాతిక టన్నుకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది.

ఆనాటి శ్లాబు మేస్త్రీ మాట ప్రకారమే పడింది. ఇంటివారు నా మాట కన్నా ఆయన అనుభవాన్ని నమ్మారు, అందుకు వారిని తప్పుపట్టను. కానీ చదువుకున్న మనమూ తెలుపు మేలు, బూడిదరంగు కీడు అనుకుంటే ఎలా? ఇల్లు కట్టబోయే మిత్రులు బస్తా మీది అక్షరాలు చదవండి, మేస్త్రీతో నాలాగే గొడవపడండి. గెలిస్తే నాకొక్క ముక్క రాయండి.