ముందు కరెంటు, ఆ తర్వాతే రెసిస్టర్

ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఉన్న మా పిన్ని కొడుకు మొన్న వాట్సాప్‌లో ఓ సర్క్యూట్ బొమ్మ పంపాడు. గుండె సిగ్నల్ చూపించే ఈసీజీ ప్రాజెక్టట. జంటగా రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు, మూడు రెసిస్టర్లు, ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల సప్లై. 'అన్నయ్యా, వాల్యూస్ చెప్పవా, రేపు కొనాలి' అన్నాడు. రోజంతా కోడ్ రాసుకునే నాకు ఇలాంటి ప్రశ్న వస్తే పండగే.

చాలామంది ఎక్కడో దొరికిన బొమ్మలోంచి వాల్యూస్ ఎత్తేస్తారు. కానీ మొదట తేల్చుకోవాల్సింది కరెంటు. ఒక్కో ట్రాన్సిస్టర్‌లో 1 మిల్లీయాంపు పారాలనుకుందాం. అప్పుడు కింద ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న 'తోక' రెసిస్టర్‌లో 2 మిల్లీయాంపులు. బేస్‌లు సున్నా దగ్గరుంటే ఎమిటర్లు మైనస్ 0.65 దగ్గరుంటాయి. తోక మీద మిగిలేది 11.35 వోల్టులు. 2 మిల్లీయాంపులతో భాగిస్తే దాదాపు 5.7 కిలో ఓములు. షాపులో దొరికేది 5.6. పైన కలెక్టర్ రెసిస్టర్ మీద సప్లైలో సగం పడితే సిగ్నల్ ఊగడానికి చోటుంటుంది కాబట్టి అక్కడా 5.6 సరిపోతుంది.

1 మిల్లీయాంపు దగ్గర ఎమిటర్ లోపలి రెసిస్టెన్స్ సుమారు 25 ఓములు. ఒక్క కలెక్టర్ నుంచే అవుట్‌పుట్ తీస్తే గెయిన్ 5600 బై 50, అంటే 112. బాగానే ఉంది కదా? ఆగండి.

చర్మం మీద దొరికే గుండె సిగ్నల్ 1 మిల్లీవోల్టు లాంటిది. ఇంటి వైరింగ్ నుంచి ఒంటికెక్కే 50 హెర్ట్జ్ హమ్ 1 వోల్టు అనుకోండి. అది రెండు బేస్‌లకీ ఒకేలా వస్తుంది, దాన్ని తొక్కేయడమే ఈ జంట పని. తొక్కేది ఎంత? కలెక్టర్ రెసిస్టర్‌ని తోకకి రెట్టింపుతో భాగించాలి: సగం. అవుట్‌పుట్‌లో గుండె 0.11 వోల్టు, హమ్ 0.5 వోల్టు. స్క్రీన్ మీద కొట్టుకునేది గుండె కాదు, కరెంటు స్తంభం!

తోకని 56 కిలో ఓములు చేస్తే? కరెంటు పదోవంతుకి పడుతుంది, లోపలి 25 ఓములు 250 అవుతాయి. గుండెకీ హమ్‌కీ ఉన్న నిష్పత్తి కదలదు. అది తోక మీద పడే వోల్టేజీని బట్టే ఉంటుంది మరి. ఏ వాల్యూ కొన్నా అంతే.

కాబట్టి తోక రెసిస్టర్ తీసేసి అక్కడ మూడో ట్రాన్సిస్టర్ పెట్టాలి. దాని బేస్‌ని ఎర్ర ఎల్ఈడీతో మైనస్ 12 కంటే 1.8 వోల్టుల పైన నిలబెట్టండి. ఎల్ఈడీకి గ్రౌండ్ నుంచి 10 కిలో ఓములు, ఎమిటర్‌లో 560 ఓములు. కరెంటు అదే 2 మిల్లీయాంపులు, కానీ హమ్‌కి అది లక్షల ఓముల గోడ. 5 లక్షలే అనుకున్నా హమ్ 6 మిల్లీవోల్టుల లోపుకి దిగుతుంది.

ఒంటికి తగిలించేది బ్యాటరీల మీదే నడపాలి, అడాప్టర్ మీద వద్దేవద్దు.

ఇంకోటి, బేస్ రెసిస్టర్లు. ఒక బేస్‌కి 10 కిలో ఓములు పెట్టి రెండోదాన్ని నేరుగా గ్రౌండ్ చేశారనుకోండి. బేస్‌లోకి పోయేది 5 మైక్రోయాంపులే అయినా ఆ తేడా చాలు, కరెంటు ఒకవైపు మూడొంతులు, రెండోవైపు ఒక వంతుగా చీలిపోతుంది. రెండు వైపులా ఒకే వాల్యూ పెట్టండి, 1 శాతం మెటల్ ఫిల్మ్‌వి తీసుకోండి.