సాధించిన హక్కులకు కాపలా ఎవరు?

ఒకసారి గెలిచిన స్వేచ్ఛ తరతరాలు నిలుస్తుందనుకోవడం పొరపాటు. జొన్న కంకి పాలుపోసుకున్న నాటినుంచి కోత దాకా మంచె మీద మనిషి ఉండాల్సిందే. చట్టంలోకి ఎక్కిన హక్కుకూ అదే కావలి కావాలి.

1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. అప్పు కింద జీతం చేస్తున్నవాడు ఇక విముక్తుడన్నారు. అదే ఏడు ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో జైలుపాలైనవాడికి 'నన్నెందుకు పట్టారు?' అని కోర్టునడిగే హక్కు లేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయిదుగురు జడ్జీలలో ఒక్క హెచ్.ఆర్. ఖన్నా మాత్రమే కాదన్నాడు. ఆ తీర్పు తప్పని అదే కోర్టు ఒప్పుకొనేసరికి 2017 వచ్చింది.

అది ఢిల్లీ ముచ్చట, మనకెందుకు అంటారా? మన వికారాబాద్ జిల్లా లగచర్లనే చూడండి. ఫార్మా కంపెనీల కోసం లగచర్ల, చుట్టుపక్కల తండాల భూములు తీసుకుంటామన్నారు. 2024 నవంబరు 11న ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చిన కలెక్టరు మీద, అధికారుల మీద దాడి జరిగింది. దాడిని ఎవరూ సమర్థించరు. కానీ భూమి పోతుందని నెలల తరబడి మొత్తుకున్నవాళ్ళ మాట ముందే విని ఉంటే అంతదాకా వచ్చేదా? తర్వాత రైతులను పట్టుకుపోయి సంగారెడ్డి జైల్లో పెట్టారు. ఒక గిరిజన రైతుకు గుండెనొప్పి వస్తే బేడీలు వేసి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఖైదీకి అలవాటుగా బేడీలు వేయరాదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. అయినా నలుగురూ గొడవ చేశాకనే విచారణకు ఆదేశాలు వచ్చాయి. ఫార్మా నోటిఫికేషన్‌ను నవంబరు చివర రద్దుచేశారు. ఆ వెంటనే అదే భూములకు పారిశ్రామిక పార్కు పేరుతో మరో నోటిఫికేషన్ వచ్చింది. గెలిచామని ఇంటికి పోయి పడుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుసుకోవాలి.

భూమిలేని కూలీలు మరో సంగతి గమనించాలి. 'పోయేది పట్టాదారు భూమి, మనదేం పోయింది?' అని చాలామంది ఊరుకుంటారు. 2013 భూసేకరణ చట్టం అలా అనలేదు. సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ భూముల మీద బతుకుతున్న కూలీ కుటుంబాన్నీ, కౌలుదారునూ బాధిత కుటుంబంగానే లెక్కించాలంది. ఉద్యోగం గానీ, 5 లక్షల రూపాయలు గానీ, 20 ఏళ్ళపాటు నెలకు 2 వేలకు తగ్గకుండా గానీ ఇవ్వాలంది. ఎవరికెంత నష్టమో ముందుగా తేల్చే సామాజిక ప్రభావ అంచనా కూడా పెట్టింది. నాలుగేళ్ళు తిరగకముందే, 2017లో, తెలంగాణ ప్రభుత్వం సవరణ తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులను ఈ అంచనా నుంచి తప్పించే వీలు కల్పించుకుంది. అప్పుడు ఊళ్ళల్లో ఎంతమందికి తెలిసింది? హక్కు వచ్చినప్పుడు డప్పు కొడతారు, పోయేటప్పుడు చప్పుడుండదు.

కాబట్టి కావలి అంటే ఉపన్యాసం కాదు, రోజువారీ పని. సర్వేకు వచ్చినవాళ్ళను కాగితం చూపమనాలి. ఊళ్ళో అతికించిన నోటీసును చదువొచ్చిన పిల్లలతో అందరికీ వినిపించాలి. గ్రామసభ తీర్మానం చదవకముందు సంతకం గానీ వేలిముద్ర గానీ వేయరాదు. బాధితుల జాబితాలో కూలీల పేర్లు ఉన్నాయో లేదో ఇల్లిల్లూ తిరిగి సరిచూడాలి. ఎవరినైనా పోలీసులు తీసుకుపోతే అదే రాత్రి పదిమంది స్టేషనుకు పోయి కారణం అడగాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టమనాలి. దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు, దయాధర్మం కాదు.

ఒక్కడే అడిగితే బెదిరిస్తారు, ఊరంతా అడిగితే జవాబు చెప్పి తీరాలి. తాండూరు బండల గనుల కార్మికుడూ, కందిచేలో కూలీ, తండా రైతూ ఒకరికొకరు కావలి కాయాలి. నేడు లగచర్ల, రేపు మరో ఊరు. ప్రతి ఊళ్ళో వ్యవసాయ కార్మికులు ఈ పనికి కమిటీ వేసుకోవాలి. ఎన్నికల దాకా ఆగే పని కాదిది.