మెరక తెలియని విద్య

గోదావరి డెల్టాలో కారు నేర్చుకొనేవారికి నేల అనుకూలమైనది. బాట చదునుగా సాగుతుంది. మొదటి గేరులో బండిని కదిలించి, వేగం పెరిగినకొద్దీ రెండు, మూడు, నాలుగు వేయడం కొద్ది దినాలలోనే అలవడుతుంది. అంతటితో విద్య పూర్తి అయినదని గురుశిష్యులిద్దరూ తలుస్తారు. అది తొందరపాటు.

గేరు మార్చడంలో చేతి పని స్వల్పం. ఇంజను వేగానికీ చక్రాల వేగానికీ పొత్తు కుదర్చడమే అందులోని అసలు పని. క్లచ్ తొక్కినప్పుడు ఆ రెంటి బంధం విడిపోతుంది. మెల్లగా వదిలితే తిరిగి కలుస్తుంది. హఠాత్తుగా వదిలితే బండి ఎగిరిపడి ఆగిపోతుంది. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ అనే అమరిక రాకపూర్వం, గేర్ల పళ్లు ఒరసుకొనకుండా డ్రైవరే రెండేసిసార్లు క్లచ్ తొక్కి వేగాలను సరిచేయవలసి వచ్చేది. ఆ శ్రమను నేడు యంత్రం మోస్తున్నది. కాని వినవలసిన చెవి మాత్రం మనిషిదే. ఇంజను మూలిగితే క్రింది గేరు వేయాలి. రొద పెడితే పై గేరు వేయాలి.

ఈ సంగతిని పల్లపు నేల నేర్పదు. కాలువ వంతెన ఎక్కే ఏటవాలులో ముందరి వరిగడ్డి బండి ఆగినప్పుడు తెలుస్తుంది. మారేడుమిల్లి ఘాటు దిగేటప్పుడు మరింత తెలుస్తుంది. అక్కడ బ్రేకునే నమ్ముకొన్నవానికి బ్రేకులు వేడెక్కి పట్టు సడలుతుంది. క్రింది గేరు వేసినవానికి ఇంజనే బండిని అదుపులో ఉంచుతుంది. ఎత్తులో ఆగిన బండిని వెనుకకు జారనీయక కదిలించడం, దిగుడులో త్వరగా క్రింది గేరుకు మారడం అనే రెంటినీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి పరీక్షాంశాలుగానే పేర్కొన్నది. చదును మైదానంలో గుండ్రంగా తిరిగి వచ్చినంతమాత్రాన ఆ నియమం నెరవేరినట్లు కాదు.

తానే గేరు మార్చుకొనే కార్లు వస్తుండగా ఈ ప్రయాస ఎందుకని కొందరంటారు. నిటారు దిగుడులో క్రింది గేరు ఎంచుకొనవలసిన అవసరం ఆ కార్లలోనూ ఉన్నది.

కనుక కారు నేర్పేవారు శిష్యుని వంతెన ఏటవాలుకు తీసుకొనిపోవాలి. బడిలో పంతులుగారు సైకిలు గొలుసునూ, పెద్దచిన్న పళ్లచక్రాలనూ చూపి గేరు సూత్రాన్ని బోధించవచ్చును. పద్యం వల్లించి అన్వయం ఎరుగని విద్యార్థికి పోయేవి నాలుగు మార్కులే. గేరు వల్లించి కారణం ఎరుగనివాని తప్పుకు మూల్యం చెల్లించేది మాత్రం, కాలువగట్టున తన దారిన తాను నడిచిపోయే బాటసారి.