భూమి లెక్క – ప్రజల నమ్మిక

2020 డిసెంబరు 21వ తేదీన మన జగ్గయ్యపేట మండలములోని తక్కెళ్లపాడునందు భూముల పునఃసర్వే ప్రారంభమయ్యెను. హద్దుతగవులు తీరుటకు సరియైన కొలత అవసరమే, దానినెవరును కాదనరు. కాని రైతు పాసుపుస్తకముపై ముఖ్యమంత్రి బొమ్మ యెక్కెను. హక్కుతగవులను సివిలు కోర్టులనుండి తప్పించి అధికారుల కప్పగింపజూచిన 2022 నాటి భూహక్కుల చట్టము రైతులకు భీతిగొల్పెను. న్యాయవాదులు ఆందోళన సల్పిరి. 2024లో శాసనసభయే దానిని రద్దుచేసెను.

గ్రామపు లెక్క గ్రామస్థుల సొత్తు. కచేరీ దానికి ధర్మకర్త మాత్రమే. కావున ప్రతి కొలతను గ్రామసభలో చదివి వినిపింపవలెను. దిద్దుబాటు ఎవరు, ఎప్పుడు, ఏల చేసిరో దాచక వ్రాయవలెను. ఆ వివరములను పరులకిచ్చుటకు ముందు పట్టాదారునకు తెలుపవలెను. తప్పు జరిగినచో న్యాయస్థానపు తలుపు తెరచియుండవలెను. ఇవి లేని లెక్కను, అదెంత సూక్ష్మమైనను, రైతు ఏల నమ్మవలెను?