ప్రణాళికకు పద్దేదీ?

భిలాయి ఉక్కునగరానికి ఆనుకొని ఉన్న జాముల్‌లో 1965 నుంచి సిమెంటు కర్మాగారం నడుస్తున్నది. ఉక్కు, సిమెంటు పనులకు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ పరిసరాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. పర్మినెంటు ఉద్యోగికి కంపెనీ ఆసుపత్రి అండగా ఉన్నది. కాంట్రాక్టు కార్మికుడికి కేన్సర్ సోకితే దిక్కు ఇ.ఎస్.ఐ. గాని, 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ కార్డు గాని. ఆ కార్డుతో అతడు రాయ్‌పూర్ అంబేద్కర్ ఆసుపత్రిలోని ప్రాంతీయ కేన్సర్ కేంద్రానికో, ఏదైనా ప్రైవేటు ఆసుపత్రికో చేరుకుంటాడు.

రేడియేషన్ చికిత్సలో అసలు శ్రమ రోగి యంత్రం కింద పడుకోకముందే జరుగుతుంది. స్కాన్ తీయాలి. కణితి ఎంతవరకు ఉన్నదో, ఏ అవయవాలను కాపాడాలో వైద్యుడు గీతలు గీసి నిర్ణయించాలి. వైద్య భౌతిక శాస్త్రజ్ఞుడు కిరణాల మోతాదును కంప్యూటర్‌పై లెక్కకట్టాలి. ఐ.ఎం.ఆర్.టి. పద్ధతిలోనైతే ఆ లెక్కను యంత్రంపై కొలిచి సరిచూడాలి. ప్యాకేజీ పద్ధతిలో ఈ పనంతా చికిత్స సొమ్ములోనే ఇమిడిపోవచ్చు.

అమెరికాలో ఇందుకు భిన్నంగా ప్రతి దశకూ ఒక సంకేతం. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకునే తెలుగు యువత ఈ అంకెలనే వల్లెవేస్తుంటుంది. ఐ.ఎం.ఆర్.టి. ప్రణాళికకు 77301. అందులో కలిసే పనులకు ఆసుపత్రులు విడిగా కూడా బిల్లు వేయడంతో మెడికేర్ 2 కోట్ల 15 లక్షల డాలర్ల దాకా అదనంగా చెల్లించి ఉంటుందని అక్కడి ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2018లో అంచనా కట్టింది. కనుక ప్యాకేజీ విధానాన్ని తప్పుపట్టనవసరం లేదు.

అయితే కలిసిపోయిన పద్దు కంటికి కనిపించదు. రెండు రోజులు శ్రమించి సరిచూసినా, సరిచూడకుండా వదిలేసినా చేతికందే సొమ్ము ఒక్కటే. వలస కుటుంబాలకు మరో చిక్కున్నది. ఒక యంత్రం కోసం వేసిన ప్రణాళిక మరో యంత్రానికి సాధారణంగా పనికిరాదు. చికిత్స మధ్యలో స్వస్థలానికి పోయే రోగికి మళ్లీ మొదటి నుంచీ లెక్క వేయవలసిందే. ఆ ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు రోగి చేతిలోని డిశ్చార్జి కాగితం జవాబు చెప్పదు.

ప్రణాళికకు అదనపు రుసుము అక్కరలేదు, పద్దు కావాలి. ప్రణాళిక వేసిన తేదీ, పద్ధతి, సరిచూసిన ఫలితం క్లెయిముకు జతపరచి, నకలు రోగికివ్వాలి. ఈ వివరాలు ఆసుపత్రి కంప్యూటర్‌లో ఎటూ ఉంటాయి. ప్యాకేజీ సొమ్ములో కొంత భాగాన్ని ఆ పత్రం అందిన తరువాతనే విడుదల చేస్తే సరి. రాయ్‌పూర్‌లోని అధికారులు దీనిని ముందుగా తమ రాష్ట్రంలోనే ఆచరణలో పెట్టి చూడవచ్చు.