వెయ్యి రూపాయల పేపర్ ఎవరు చదువుతారు?

పీజీ చివరి ఏడాదిలో ఉన్నా, పీహెచ్‌డీలో చేరినా ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ‘ఇంటర్నేషనల్ ఓపెన్ యాక్సెస్ జర్నల్. వారంలో పబ్లికేషన్. సర్టిఫికెట్ ఫ్రీ.’ ఫీజు వెయ్యో, రెండు వేలో. పక్కనుంచి సీనియర్ ఒకరు ‘పంపించెయ్, బయోడేటాలో ఒక లైను పెరుగుతుంది’ అంటారు.

పంపొద్దు. అలాగని ఓపెన్ యాక్సెస్ అంటేనే మోసం అనే నిర్ణయానికీ రావొద్దు. మన దగ్గర చాలామంది లెక్చరర్లు ఆ మాట వినగానే మొహం చిట్లిస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన సమీక్ష లేకుండా పేపర్లు వేస్తున్నారని, ఫీజు సంగతి ముందే చెప్పడం లేదని, ఒప్పుకోని నిపుణుల పేర్లు కూడా ఎడిటర్లుగా చూపిస్తున్నారని అభియోగం. సంస్థ వాటిని ఖండించింది. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పునిచ్చింది. ఆ జర్నల్స్ అన్నీ తమను ఓపెన్ యాక్సెస్ అనే చెప్పుకున్నాయి. పేరు చెడింది అలాగే.

అసలు అర్థం చిన్నదే. పరిశోధనను ఎవరైనా డబ్బు కట్టకుండా ఇంటర్నెట్‌లో చదువుకోగలగాలి. 2002లో బుడాపెస్ట్ ప్రకటన అడిగింది ఇదే. మరి ఖర్చెవరు భరించాలి? చాలా పెద్ద ప్రచురణ సంస్థలు ఆ భారాన్ని రచయిత మీద వేశాయి. ఒక వ్యాసానికి రెండు మూడు వేల డాలర్లు అడిగే పత్రికలు బోలెడు. అంటే సుమారు రెండు లక్షల రూపాయల పైమాటే. మన డిగ్రీ కాలేజీ గెస్ట్ లెక్చరర్‌కు అది నెలల జీతం.

ఆంత్రోపాలజీ విద్యార్థులు ఇక్కడ కాస్త అదృష్టవంతులు. ఈ రంగంలో అటు పాఠకుడి దగ్గరా ఇటు రచయిత దగ్గరా డబ్బు తీసుకోని మంచి పత్రికలున్నాయి. అమెరికాలోని ‘కల్చరల్ ఆంత్రోపాలజీ’ 2014 నుంచి అందరికీ ఉచితంగా చదువుకునే వీలు కల్పించింది. దక్షిణాసియా మీద రాసేవాళ్లకు ‘సౌత్ ఏషియా మల్టీడిసిప్లినరీ అకడమిక్ జర్నల్’ ఉంది. బెర్గాన్ సంస్థ 2020లో తన 13 ఆంత్రోపాలజీ పత్రికలను లైబ్రరీల చందాలతోనే నడుపుతూ అందరికీ తెరిచింది. ‘హావ్’ పత్రిక కథ మాత్రం వేరు. 2011లో పూర్తి ఉచితంగా మొదలై, 2018లో యూనివర్సిటీ ఆఫ్ షికాగో ప్రెస్ చేతికి వెళ్లింది. అప్పట్లో లోపలి గొడవలు కూడా బయటికొచ్చాయి. కాబట్టి ఏ పత్రిక అయినా మీరు పంపే రోజున ఎలా ఉందో చూసుకోవాలి.

ఇంతకీ ఇదంతా ఎందుకు? మీరు రాస్తున్నది మనుషుల గురించి కనుక. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే కుటుంబం, కొల్లేరు ఒడ్డున చేపల చెరువుకు కాపలా ఉండే మనిషి, కొండపల్లిలో బొమ్మలకు రంగులద్దే ఆడవాళ్లు తమ సమయం పెట్టి మీతో మాట్లాడారు. టీ కూడా ఇచ్చి ఉంటారు. వాళ్ల మాటలతో తయారైన వ్యాసాన్ని వాళ్ల పిల్లలు చదవాలంటే ముప్పై నలభై డాలర్లు అడిగే పేజీ ఎదురైతే ఎలా ఉంటుంది?

దీనికి మన పక్కనే మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించే హర్షిత మృత్యింటి కామత్, కూచిపూడి గ్రామంలో మగవాళ్లు వేసే స్త్రీ వేషం మీద ‘ఇంపర్సొనేషన్స్’ అనే పుస్తకం రాశారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ దాన్ని 2019లో అచ్చు వేస్తూనే, తన లూమినోస్ పథకం కింద ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టింది. అందులో పొగడ్తలు మాత్రమే ఉంటాయనుకోకండి. సత్యభామ వేషం ఏ కులం మగవాళ్లకే ఎందుకు దక్కింది, ఆ ఇళ్లలోని ఆడవాళ్లు ఎందుకు వేదిక ఎక్కలేదు వంటి ఇబ్బందికరమైన ప్రశ్నలే ఎక్కువ. విజయవాడ నుంచి బస్సెక్కితే రెండు గంటల లోపే చేరే ఊరు అది. అక్కడి కుర్రాడో అమ్మాయో ఆ పుస్తకాన్ని ఫోన్‌లో తెరిచి, ‘మా తాతగారి గురించి ఇలా రాశారేంటి’ అని వాదనకు దిగొచ్చు. వాదన నెగ్గుతారా లేదా అన్నది వేరే సంగతి, ముందు చదవగలుగుతున్నారు.

ప్రభుత్వం తెచ్చిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ ఉందిగా అంటారేమో. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, దాదాపు 13,000 పత్రికలు. మంచిదే. 2025 జనవరి నుంచి మొదలైన ఆ పథకం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థల కోసం ఉద్దేశించింది. విజయవాడ చూస్తేనేమో ప్రైవేటు కాలేజీల ఊరు. పెడన కళాకారుడి ఇల్లు ఆ జాబితాలో ఎలాగూ లేదు.

ఇక ఉద్యోగం మాట. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుల షార్ట్‌లిస్టులో ఒక్కో ప్రచురణకు 2 మార్కులు, గరిష్ఠంగా 10. వెయ్యి రూపాయల జర్నల్స్ బతికేది ఈ మార్కుల ఆశ మీదే. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ వేసి తీరాలన్న షరతును యూజీసీ 2022లోనే తీసేసింది. ఇప్పటికీ ఇది తెలియక హడావుడిగా డబ్బు కట్టేవాళ్లున్నారు. 2025లో యూజీసీ కేర్ జాబితా కూడా రద్దయింది. ఏది మంచి పత్రికో తేల్చుకునే బాధ్యత విద్యాసంస్థల మీద పడింది. రేపు మీ ఇంటర్వ్యూ బోర్డులో ఒక్కరు ఆ జర్నల్ పేరు వెతికి చూసినా, మీరు కొన్న లైను మీకే ఎదురు తిరుగుతుంది.

పరీక్షించడం కష్టమేం కాదు. డీఓఏజే అనే ఉచిత పత్రికల డైరెక్టరీలో పేరుందో లేదో చూడండి. రచయిత ఫీజు ఎంతో కూడా అక్కడే ఉంటుంది. తర్వాత గత సంచిక తెరిచి రెండు వ్యాసాలు పూర్తిగా చదవండి. ఒకే సంచికలో కోళ్ల పెంపకం, క్లౌడ్ కంప్యూటింగ్, గిరిజన వివాహాలు కలిసి కనిపిస్తే ఇక వెతకక్కర్లేదు. ఫీజున్న మంచి పత్రిక అయితే మాఫీ అడగండి, మొహమాటం వద్దు.

మంచి పత్రికలో జవాబుకు నెలలు పడుతుంది. ఏడాది కూడా దాటొచ్చు. తిరస్కరించే అవకాశమే ఎక్కువ. అయినా ఇద్దరు ముగ్గురు నిపుణులు మీ రాతను వాక్యం వాక్యం చదివి, ఎక్కడ తేలిపోయిందో రాసి పంపుతారు. ఆంత్రోపాలజీ శాఖే లేని కాలేజీలో చదివినవాళ్లకు ఆ పాఠం ఇంకెక్కడ దొరుకుతుంది, అదీ పైసా లేకుండా?

ఒక్క జాగ్రత్త మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. తెరిచిన వ్యాసాన్ని ఊరంతా చదవొచ్చు అంటే, ఊరి పెద్దమనిషీ చదవొచ్చు. రాజధాని గ్రామాల్లో నోటిమాట మీద కౌలు చేసిన రైతు మీతో భూయజమాని గురించి చెప్పిన మాట ఇంగ్లిష్‌లో ఉన్నా, గూగుల్ దాన్ని క్షణంలో తెలుగు చేసి పెడుతుంది. పేరు మార్చితే సరిపోదు. ‘చెరువు గట్టు పక్కన ఇల్లు, ఇద్దరు కూతుళ్లు, దుబాయ్ వెళ్లిన అల్లుడు’ అని రాస్తే ఆ ఊళ్లో అందరికీ మనిషి తెలిసిపోతాడు. పంపే ముందు వీలైతే ఆ భాగాన్ని ఆయనకే తెలుగులో చదివి వినిపించండి. వద్దంటే తీసేయండి, ఎంత మంచి ఉదాహరణ అయినా సరే.

వ్యాసం అంగీకరించాక లైసెన్స్ కాగితం వస్తుంది. చాలామంది చదవకుండా ఓకే కొట్టేస్తారు. సీసీ బై అని ఉంటే, మూలాన్ని పేర్కొని ఎవరైనా దాన్ని తెలుగులోకి అనువదించుకోవచ్చు, అచ్చు వేసి పంచుకోవచ్చు. చివర ఎన్‌డీ అనే రెండక్షరాలు తగిలాయంటే అనువాదం ప్రచురించడానికి విడిగా అనుమతి కావాలి. రేపు పెడనలో పంచడానికి నాలుగు పేజీల తెలుగు ప్రతి వేయాలనుకుంటే, ఆ మాట ఎడిటర్‌తో సంతకానికి ముందే మాట్లాడుకోండి.