ఘనాలో కరెంటు పోయింది... కంపెనీ నిలబడింది!

2017 జూన్ 27. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో మెర్స్క్ ప్రధాన కార్యాలయం. ప్రపంచ కంటెయినర్ రవాణాలో అప్పట్లో దాదాపు అయిదో వంతు ఈ కంపెనీ చేతిలోనే ఉండేది. అలాంటి చోట కంప్యూటర్ల తెరలు ఒక్కొక్కటిగా నల్లబడటం మొదలైంది. ఫైళ్లకు తాళం పడిందనీ, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కడితేనే తీస్తామనీ బెదిరింపు! సిబ్బంది వరండాల్లో పరుగులు తీశారు. మీటింగులు జరుగుతున్న గదుల్లోకి దూరి మరీ తీగలు లాగేశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. రేవుల్లో గేట్లు తెరుచుకోలేదు, లారీలు బారులు తీరాయి. ముంబయి పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ గ్రూపు నడిపే టెర్మినల్‌కూ దెబ్బ తగిలింది.

ఇంత పెద్ద కంపెనీలోకి దొంగ ఎక్కడి నుంచి దూరాడు? మన దగ్గర వ్యాపారులు ట్యాలీ వాడినట్టు, ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు ఎం.ఈ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారు. దాని అప్‌డేట్‌లోనే విషం కలిపారు. ఒడెస్సాలోని మెర్స్క్ ఆఫీసులో ఒకే ఒక్క కంప్యూటర్లో అది ఉంది. ఆ ఒక్కటీ చాలింది. విండోస్‌లోని లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని యంత్రాలు వెంటనే పడ్డాయి. వేసుకున్నవీ పూర్తిగా తప్పించుకోలేదు... పక్క కంప్యూటర్లో దొంగిలించిన పాస్‌వర్డ్‌తో వాటిలోకీ వెళ్లింది.

'నాట్‌పెట్యా' అని పేరు పడిన ఆ వైరస్ నిజానికి డబ్బు కోసం వచ్చిందే కాదు. రాన్సమ్‌వేర్ వేషం కట్టిన విధ్వంసం అది. రష్యా సైనిక గూఢచారుల పనేనని అమెరికా, బ్రిటన్ తర్వాత ప్రకటించాయి. డబ్బు కట్టినా తాళంచెవి వచ్చే దారి లేదు. అంటే, తమ దగ్గర దాచుకున్న నకలే దిక్కు!

మెర్స్క్ దగ్గర బ్యాకప్‌లు లేవా అంటే, ఉన్నాయి. చాలా సర్వర్లకు నకళ్లు దొరికాయి. దొరకనిది డొమైన్ కంట్రోలర్ అనే కీలకమైన సర్వర్ నకలు. ఎవరు ఏ కంప్యూటర్లోకి, ఏ ఫైల్లోకి వెళ్లవచ్చో రాసి ఉండే రిజిస్టరు లాంటిదది. అది లేకుండా మిగతావాటిని నిలబెట్టలేరు. అలాంటివి ప్రపంచమంతా కలిపి దాదాపు 150 ఉన్నాయి. ఒకదాని సమాచారం మరొకదానిలో ఎప్పటికప్పుడు చేరిపోతుంది. ఒకటి పాడైతే ఇంకొకటి ఆదుకుంటుందన్నది ధీమా. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు.

చివరికి ఒక్కటి దొరికింది, ఘనాలో! దాడికి ముందు అక్కడ కరెంటు పోయింది. సర్వర్ ఆగిపోయి నెట్‌వర్క్‌తో తెగిపోవడంతో వైరస్‌కు అందలేదు. అందులోని సమాచారాన్ని ఇంటర్నెట్‌లో పంపాలంటే రోజులు పడుతుంది. హార్డ్‌డిస్కు పట్టుకుని వెళ్దామంటే అక్కడి సిబ్బందికి బ్రిటన్ వీసా లేదు. దాంతో ఒకరు నైజీరియా దాకా విమానంలో తీసుకెళ్లి, అక్కడి ఉద్యోగికి విమానాశ్రయంలో అందించారు. ఆయన దాన్ని లండన్ చేర్చారు. పది రోజుల్లో 4 వేల సర్వర్లు, 45 వేల కంప్యూటర్లు మళ్లీ సిద్ధం చేశామని కంపెనీ ఛైర్మన్ 2018లో దావోస్‌లో చెప్పారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని అంచనా.

వీధి చివరి హోల్‌సేల్ కొట్టుకూ ఇదే లెక్క. చిట్టా, ఆవర్జా, జీఎస్టీ బిల్లులు అన్నీ ఒకే కంప్యూటర్లో ఉంటాయి. బ్యాకప్ ఉందండీ అంటారు యజమాని. చూస్తే, ఆ హార్డ్‌డిస్కు పగలూ రాత్రీ అదే కంప్యూటర్‌కు తగిలించి ఉంటుంది. తాళం పడితే రెండింటికీ పడుతుంది. ఫైళ్లను వెంటవెంటనే క్లౌడ్‌లోకి పంపే ఏర్పాటూ అంతే, పాడైన ఫైలును కూడా అంతే శ్రద్ధగా పంపేస్తుంది. పాత ప్రతులు కొన్నాళ్లు నిలిపి ఉంచే సౌకర్యం ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. రెండు హార్డ్‌డిస్కులు కొని, సాయంత్రం కొట్టు కట్టేసే ముందు ఒకదాంట్లో నకలు తీసి, ఊడదీసి ఇంటి బీరువాలో పెట్టుకోవడం అన్నిటికన్నా చవక. మర్నాడు రెండోది వాడాలి. మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్లో ఆ నకలు తెరిచి, పోయిన నెల ఖాతాలు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో గుమస్తా చేత చూపించుకోవాలి. చాలామంది వదిలేసేది ఈ పనినే.

పాస్‌వర్డ్ సంగతీ తేలిగ్గా తీసుకునేది కాదు. బ్రిటన్‌లో 1865లో మొదలైన 'నైట్స్ ఆఫ్ ఓల్డ్' లారీల కంపెనీ 2023లో ఇలాగే మూతపడింది. 500 లారీలు, దాదాపు 700 ఉద్యోగాలు! ఓ ఉద్యోగి పెట్టుకున్న తేలికైన పాస్‌వర్డ్‌ను ఊహించి దొంగలు లోపలికి వచ్చారని భావిస్తున్నారు. ఆ ఉద్యోగి ఎవరో తెలిసినా, ఆ సంగతి ఆయనకు చెప్పలేదన్నారు కంపెనీ డైరెక్టర్. పాస్‌వర్డ్‌కు తోడు ఓటీపీ కూడా ఉంటే ఇలాంటి దొంగకు పని కష్టమవుతుంది. ఇప్పటి ముఠాలు తాళం వేసే ముందు ఫైళ్లు ఎత్తుకెళ్లి, బయటపెడతామనీ బెదిరిస్తున్నాయి. దానికి బ్యాకప్ మందు కాదు. ఖాతాదారుల ఆధార్, పాన్ కాపీలు అవసరం తీరాక కూడా కంప్యూటర్లో దాచుకోకపోవడమే మేలు.

దాడి జరిగితే ముందు నెట్‌వర్క్ తీగ లాగెయ్యాలి, వైఫై ఆపాలి. కంగారులో బ్యాకప్ డిస్కు తగిలించారో, అదీ పోతుంది. కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచి, విండోస్ కొత్తగా వేయించాకే దాన్ని బయటికి తీయాలి. కొన్ని రకాల తాళాలకు 'నో మోర్ రాన్సమ్' అనే వెబ్‌సైట్లో ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి. ఐరోపా పోలీసులు, భద్రతా సంస్థలు కలిసి 2016లో పెట్టిందది. కంపెనీలైతే 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022లో కేంద్రం ఆదేశించింది. దాడి రోజున కంప్యూటర్ తెరుచుకోదు కాబట్టి సాఫ్ట్‌వేర్ వేసిన కుర్రాడి నంబరు, బ్యాంకు మేనేజరు నంబరు, సైబర్ పోలీసుల నంబరు ఒక కాగితం మీద రాసి గల్లాపెట్టె మూతకు లోపలివైపు అంటించాలి.